పాట నడపు దిమ్మలాట

పైనుండి పడు దిమ్మలను పేర్చి, ఒకే రంగు గలవానిని జతకూర్చి మాయము చేయు ఆటలు నేడు స్మార్ట్‌ఫోను గల ప్రతి యింటను కనబడుచున్నవి. రైలుపెట్టెలో పై బెర్తుమీద పడుకొన్న విద్యార్థియు, ఆసుపత్రి వసారాలో తన పేరు పిలుచువఱకు కాచుకొన్న గృహిణియు ఒకే యేకాగ్రతతో వానిని ఆడుచున్నారు. ఆ యాటలన్నింటి వెనుకను ఏదో యొక సంగీతము మ్రోగుచునే యుండును. ఆ సంగీతమును ఆపివేసినచో ఆటలో ఏమైన మారునా అని విచారించినప్పుడు మాత్రము, చాలవానియందు రవ్వంతయు మారదనియే చెప్పవలసి వచ్చును. పాటను తీసివేసినంతనే తన స్వరూపమును కోల్పోవు దిమ్మలాట యొకటి సాధ్యమా? సాధ్యమైనచో దాని నిర్మాణ మెట్టిది? అది స్మార్ట్‌ఫోను అద్దముమీదికి వచ్చినప్పుడు దానికి కలిగిన లాభమేమి, నష్టమేమి? నలుబది యేండ్ల వయస్సు గల ఈ క్రీడాజాతిలో ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పదగిన కృతులు మిక్కిలి కొలది. వానిలో ఏది సంగీతమునకు శాసనాధికార మిచ్చినదో, ఏది దానిని అలంకారమాత్రముగా నుంచినదో పరిశీలించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఈ జాతికి మూలము టెట్రిస్. 1984లో మాస్కోనగరమున, సోవియట్ విజ్ఞానపరిషత్తునకు చెందిన గణనకేంద్రములో పనిచేయుచున్న అలెక్సీ పజిత్‌నోవ్ దానిని ఎలెక్ట్రానికా 60 అను కంప్యూటరుపై రచించెను. ఆ యంత్రమునకు బొమ్మలు గీయు శక్తి లేనందున, కుండలీకరణపు గుర్తులను ప్రక్కప్రక్కన నిలిపి ఆయన దిమ్మల ఆకారములను చూపవలసి వచ్చెను. పాటకు ఆ పుట్టుకలో స్థానమే లేదు. అడ్డమున 10, నిలువున 20 గడులు గల క్షేత్రములోనికి, నాలుగేసి గడులతో నేర్పడిన ఏడు విధముల ముక్కలు ఒకదాని వెనుక నొకటి దిగుచుండును. అడ్డవరుస పూర్తిగా నిండిన మఱుక్షణమున ఆ వరుస తొలగిపోవును. నిండుటయు తొలగుటయు ఇంచుమించుగా ఒకే క్షణమున జరుగుననుటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మున్ముందు చెప్పబోవు భేదమంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

1989లో నింటెండో సంస్థ గేమ్‌బాయ్ అను చేతియంత్రముతో కూడ ఈ యాటను లోకమున వెదజల్లినప్పుడు పాట దీనికి తోడైనది. రష్యనుకవి నెక్రాసోవ్ 1861లో రచించిన కవితనుండి పుట్టి జానపదగేయముగా వ్యాపించిన ‘కొరొబేయ్‌నికీ’ బాణీని హిరోకాజు తనాకా ఆ చిన్న యంత్రపు స్వరములకు అనువుగా కూర్చెను. ఆ బాణీ వినినంతనే దిగుచున్న దిమ్మలు కన్నులయెదుట నిలుచునట్లు లోకమున కలవాటైనది; అది సామాన్యమైన విజయము కాదు. ఐనను ఆ యంత్రముపై ఆటగానికి మూడు పాటలలో నొకదానిని ఎన్నుకొను స్వేచ్ఛ కలదు. మూడవది బాఖ్ రచించిన నృత్యబాణీ. ఏ పాటయు వలదనుకొన్నచో ఆపివేయుటయు కలదు. ఎన్నుకొన్నను, ఆపివేసినను దిమ్మల గతిలో వెంట్రుకవాసి మార్పు లేదు. ఇంటి టెలివిజనునకు తగిలించి ఆడు నింటెండో ప్రతిలో మాత్రము ఒక విశేషము కలదు. పేర్పు పైకప్పునకు చేరువైనప్పుడు పాట ద్రుతకాలమున కెక్కును. పెండ్లిపందిట మాంగల్యధారణ సమయమున గట్టిమేళము మ్రోగినట్లు, అచ్చట సంగీతము జరుగుచున్న కార్యమును అనుసరించి తన వేగమును పెంచుకొనుచున్నదే గాని, కార్యమును తాను నడపుచున్నది కాదు.

తరువాతి కాలపు ప్రసిద్ధకృతులను గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. మూడు రత్నములను ఒకే రంగున కలుపవలసిన కాలమ్స్‌ను 1990లో సెగా సంస్థ ప్రచారమునకు తెచ్చెను. 1991లో జపానునుండి పుయో పుయో వచ్చెను. 2001లో బిజ్యూవెల్డ్, 2012లో ఫోనులమీద క్యాండీ క్రష్ సాగా వచ్చి లెక్కకు మిక్కిలియైన జనులను తమవైపు త్రిప్పుకొనెను. వీనిలో కొన్నింటి బాణీలు మనోహరములు. కాలమ్స్ సంగీతమునందలి దిగులుతో గూడిన మాధుర్యమును ఒకసారి విన్నవారు మఱచుట కష్టము. కాని మనము వేసికొన్న ప్రశ్నకు ఇవన్నియు ఒకే సమాధానము చెప్పుచున్నవి: చెవులు మూసికొన్నను ఆడవచ్చును, అంతే నేర్పుతో గెలువవచ్చును.

ఈ స్థితిని మార్చిన రచయిత తెత్సుయా మిజుగుచి. 1965లో జపాను ఉత్తరద్వీపమైన హొక్కైదోలోని ఒతారు పట్టణమున జన్మించి, 1990లో సెగా సంస్థలో చేరిన ఈయన మొదట కార్లపందెముల ఆటలతో పేరు గడించెను. సెగా ర్యాలీ ఆయన పర్యవేక్షణమున వెలువడినదే. ఆయన దృష్టి సంగీతమువైపు మరలుటకు కారణములలో నొకటి, 1997లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరమున చూచిన వీథియుత్సవము; అచ్చట అసంఖ్యాకులైన జనులు ఒకే లయకు కదలుచుండుటయు, ఆ లయతో దీపములును రంగులును మారుచుండుటయు ఆయన మనస్సున నాటుకొనెను. రంగులకు నాదమున్నదని నమ్మి చిత్రములు గీసిన రష్యనుచిత్రకారుడు కాండిన్‌స్కీయం దాయనకు గల భక్తి దీనికి తోడై, 2001లో రెజ్ అను కృతి యేర్పడెను. అది దిమ్మలాట కాదు. గురిచూచి కొట్టు ఆట. ఐనను దానిలోని యొక ఉపాయము మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. ఆటగాడు మీటను ఏ క్షణమున వదలినను, దానివలన కలుగవలసిన ధ్వని సమీపమున నున్న తాళపుదెబ్బ వఱకు జరిగి అచ్చటనే మ్రోగును. లయజ్ఞానము బొత్తిగా లేనివాడు ఆడినను వాని చేష్టలన్నియు లయబద్ధములై వినబడును. మనుష్యుని తొందరపాటును సంగీతము తన కాలములోనికి ఒదిగించుకొనుట యను నీ భావమే మూడేండ్ల పిమ్మట దిమ్మలాటలోనికి ప్రవేశించినది.

2003లో సెగాను విడిచి క్యూ ఎంటర్‌టైన్‌మెంట్ అను సంస్థను నెలకొల్పిన మిజుగుచి, టెట్రిస్‌నే సంగీతముతో మేళవించి క్రొత్తగా తీర్పవలెనని తలపోసెను. హక్కులు చిక్కకపోవుటచే వేఱొక నియమావళిని తానే కల్పించుకొనవలసి వచ్చెను. లోకమునకు ఇది మేలే చేసినదని నా విశ్వాసము. ఆ హక్కులు దొరికియున్నచో ఏడు ముక్కల పాతయాటకు ఒక క్రొత్త మేళము చేకూరి యుండెడిదేమో. దొరకకపోవుటచే ల్యూమినెస్ పుట్టినది. సోనీ సంస్థవారి చేతియంత్రమైన ప్లేస్టేషన్ పోర్టబుల్ జపానులో అమ్మకమునకు వచ్చిన దినమున, అనగా 2004 డిసెంబరు 12న, ఈ యాటయు దానితో కూడ వెలువడెను. వెడల్పైన కాంతివంతమగు తెర, చెవికి తగిలించుకొను ఇయర్‌ఫోనునకు చోటు, ఇవి రెండును ఒకే చేతియంత్రమున కుదురుటయే తన కల్పనకు ప్రేరణమైనదని రచయిత చెప్పియున్నాడు.

ల్యూమినెస్ నియమములు చూచుటకు అతిసరళములు. క్షేత్రము అడ్డమున 16 గడులు, నిలువున 10 గడులు. పైనుండి పడు ప్రతి దిమ్మయు రెండేసి గడుల చతురస్రము. దానిలోని నాలుగు గడులకును రెండే రంగులు. త్రిప్పుటచే కలుగు భేదములను లెక్కింపకున్నచో ఇట్టి దిమ్మలు ఆరు విధములు మాత్రమే యగును: నాలుగును ఒకే రంగైనవి రెండు, మూడొక రంగును ఒకటి వేఱొక రంగునైనవి రెండు, సగముసగముగా చీలినది ఒకటి, మూలమూలల ఎదురెదురుగా నిలిచినది ఒకటి. ఈ చివరిదియే ఆటగానికి శత్రువు. ఎటు త్రిప్పినను అది కొంత చిక్కును మిగిల్చియే పోవును. సమతలముగా లేని చోట పడిన దిమ్మ రెండుగా చీలి, ఆధారము లేని సగము క్రిందికి జారును. పేర్పులో ఎచ్చటనైన నాలుగు గడులు ఒకే రంగుతో చతురస్రముగా నేర్పడినచో అది మెఱసి నిలుచును.

మెఱసి నిలుచునే గాని తొలగదు. టెట్రిస్‌కును దీనికిని గల భేదమంతయు ఈ నిలుకడలో నున్నది. తెర ఎడమ అంచునుండి కుడి అంచునకు ఒక నిలువుగీత పాట కాలప్రమాణమున కనుగుణముగా నడచుచుండును. దానిని కాలరేఖ యందురు. అది తాకి దాటినప్పుడే యేర్పడిన చతురస్రములు మాయమగును. ఆటగాడు ఎంత చురుకుగా పేర్చినను తొలగించు అధికారము వానిది కాదు, పాటది. పాట వచ్చువఱకు వాడు కూడబెట్టవచ్చును. ఒక చతురస్రమునకు ఇంకొక దానిని అంటించి విశాలమైన ఏకవర్ణభాగమును తీర్చుకొనవచ్చును. ఒక్క చుట్టులో ఎక్కువ చతురస్రములు తొలగినచో అంకములు హెచ్చును, వెంటవెంట చుట్టులలో అట్లే సాధించినచో ఇంకను హెచ్చును. కాని కూడబెట్టుకొన్నదంతయు స్థలము నాక్రమించియే యుండును గనుక, పాట రాక ఆలస్యమైనచో ఆ సంపదయే ప్రాణాంతకమగును.

దీనిని ఇంకను సమీపమునుండి చూతము. నిమిషమునకు 120 దెబ్బలు నడచు పాట యొకటి మ్రోగుచున్నదనియు, కాలరేఖ 16 నిలువువరుసలను ఎనిమిది దెబ్బలలో దాటుననియు అనుకొందము. ఒక్కొక్క దెబ్బకు అర సెకండు. ఒక్కొక్క నిలువువరుసకు పావు సెకండు. చుట్టు మొత్తమునకు నాలుగు సెకండులు. ఇప్పుడు ఆటగాడు ఏడవ, ఎనిమిదవ వరుసలపై ఒక యెఱ్ఱచతురస్రమును పూర్తి చేయబోవుచున్నాడు. రేఖ ఆఱవ వరుసలో నుండగా దిమ్మను క్రిందికి జార్చినచో అది సకాలమున కుదురుకొని తొలగును. పావు సెకండు జాగు చేసి, రేఖ ఏడవ వరుసను దాటిన పిమ్మట దిమ్మ కుదిరినచో, రేఖ ఆ చతురస్రపు సగమును మాత్రమే తాకి సాగిపోవును, అంకములు దక్కవు, వాడు మరల వచ్చు చుట్టువఱకు కాచుకొనవలెను. ఇట్టి తప్పిదము కొన్నిసార్లు జరిగిన పిమ్మట ఆటగాడు రేఖను కంటితో వెదకుట మానివేసి, చెవితోనే దాని స్థానమును గుర్తుపట్టుట నేర్చుకొనును. పల్లవి మరల ఎత్తుకొన్నదనిన రేఖ ఎడమ అంచున నున్నదని వానికి తెలియును. కన్ను పేర్పుమీదను, చెవి కాలముమీదను నిలుచును. ఈ కార్యవిభజన కుదిరిన క్షణమే ఈ యాటయందలి పరమానందము. అది కుదురకున్నచో ల్యూమినెస్ ఒక సామాన్యమైన రంగులజత మాత్రమే.

మన సంగీతముతో పరిచయము గల పాఠకునకు ఇదంతయు వింతగా తోపదు. ఆదితాళమున లఘువునకు నాలుగు, ద్రుతములు రెండింటికి రెండేసి చొప్పున ఎనిమిది అక్షరములు కూడి ఒక ఆవర్తమగును. గాయకుడు స్వరకల్పనలో ఎంత దూరము విహరించినను ఎత్తుగడ కడకు తప్పక చేరవలెను. చేరుట యొక అక్షరము ముందైనను వెనుకైనను సభలోనివారికి వెంటనే తెలియును. తాళము గాయకునికొఱకు ఆగదు. ఆగదు గనుకనే వాని స్వేచ్ఛకు విలువ. ల్యూమినెస్‌లోని కాలరేఖయు అట్టిదే. లెక్క ముందుగానే వేసికొని, మిగిలిన అక్షరములలో ఎన్ని స్వరములు పట్టునో గ్రహించి ముక్తాయింపు చేయు మృదంగవిద్వాంసుని బుద్ధియు, రేఖ వచ్చులోపల ఎన్ని దిమ్మలు పట్టునో గ్రహించు ఆటగాని బుద్ధియు పరిమాణమున వేఱైనను జాతిలో ఒక్కటే. సంగీతమునకు ఆటలో శాసనాధికార మిచ్చుట యనగా ఇదియే యని నా తాత్పర్యము.

ఈ శాసనమును మిజుగుచి, సంగీతకర్త తకయుకీ నకమురా కలిసి ఎట్లు వైవిధ్యముతో నడపిరో చూడదగియున్నది. ఆటలో ముందునకు సాగినకొలదియు పాటయు, వెనుకటి దృశ్యమును, దిమ్మల రంగులును ఒక్కసారిగా మారును. ఈ సముదాయమును స్కిన్ అందురు. మొదట వినబడునది మోండో గ్రోస్సో అను పేరుతో ప్రసిద్ధుడైన షినిచి ఒసావా కూర్చిన ‘షైనిన్’ అను పాట. పిదప వచ్చు పాటలలో కొన్ని త్వరితములు, కొన్ని మందములు. సామాన్యముగా త్వరితమైనది కష్టమని తోచును. ఇచ్చట మాత్రము త్వరితమైన పాటలో రేఖ వెంటవెంట వచ్చి తుడుచుచుండుటచే స్థలము దొరకును గాని పెద్ద కూర్పులు కట్టుటకు వ్యవధి చాలదు. విలంబమైన పాటలో కట్టుటకు వ్యవధి పుష్కలముగా దొరకును గాని, తుడుచువారు లేక పేర్పు పైకప్పు నంటును. ఒకే నియమావళి, ఒకే దిమ్మలు. కాలప్రమాణము మారుటచేతనే ఆటగాని నీతి మారవలసి వచ్చుచున్నది. దిమ్మలాటల చరిత్రలో ఇంతకంటె సొగసైన కల్పన నాకు కనబడలేదు.

ఈ మార్గమున వెనువెంట వచ్చినవారు వేఱువేఱు దారులు త్రొక్కిరి. 2008లో డిలన్ ఫిట్టరర్ రచించిన ఆడియోసర్ఫ్ ఒక విపరీతమైన ప్రశ్న వేసెను: రచయిత యిచ్చిన పాటకు బదులు ఆటగాడు తన కంప్యూటరులో దాచుకొన్న పాట నిచ్చినచో? ఆ పాటయందలి హెచ్చుతగ్గులను యంత్రము పరిశీలించి ఒక మార్గమును నిర్మించును. దెబ్బ పడినచోట రంగుదిమ్మ నిలుచును. ఆటగాడు వానిని ఏఱుకొని మూడు నిలువువరుసల చిన్నక్షేత్రమున జతపఱచవలెను. ఇచ్చట సంగీతము శాసనమే కాదు, సృష్టికర్తయు నగుచున్నది. కాని శ్రోతకు తెలిసిన పాటయం దెంత భావమున్నదో ఆటయందు అంత కనబడదు. ఉద్ధృతి, వేగము అను రెండింటిని తప్ప యంత్రము పాటనుండి ఎక్కువ గ్రహింపలేదు. 2010లో జోయీ మోడ్ సంస్థ వెలువరించిన చైమ్ మఱియొక దారి. దానిలోను గీత యొకటి తెరను తుడుచుచు పోవును. ఆటగాడుంచిన ముక్క ఎచ్చట నున్నదో దానినిబట్టి ఆ గీత తాకినప్పుడు ఒక స్వరము పలుకును. అనగా పేర్పే స్వరలిపి యగుచున్నది. ఫిలిప్ గ్లాస్, మోబీ మున్నగు ప్రసిద్ధులు దానికి తమ రచనల నిచ్చిరి. ఆదాయమును పిల్లల సహాయసంస్థల కిచ్చు సంకల్పముతో దానిని విడుదల చేసిరి. గ్లాస్ రచనలోని పునరావృత్తి ఈ నియమమునకు ఇమిడినంత సహజముగా తక్కిన పాటలు ఇమడలేదు.

తుదకు మిజుగుచికి టెట్రిస్ లభించెను. 2018 నవంబరులో వెలువడిన టెట్రిస్ ఎఫెక్ట్‌లో ముక్కను త్రిప్పిన ప్రతిసారి ఒక స్వరమును, వరుస తొలగినప్పుడు పాటలోని క్రొత్తభాగమును మేల్కొనును. పాట ఉద్ధృతమైనప్పుడు ముక్కల వేగమును హెచ్చును. అందము విషయమున అది అసాధారణము. నీటిలోని తిమింగిలములును, ఎడారిలోని దీపములును ఆటతో కూడ ఊపిరి తీయుచున్నట్లుండును. ఐనను ఇచ్చట తొలగించు అధికారము మరల ఆటగానికే చేరినది. వరుస నిండినప్పుడే పోవును. పాట వేగమును శాసించుచున్నది గాని క్షణమును శాసించుటలేదు. అందుచేత నిర్మాణదృష్టితో నేను ల్యూమినెస్‌నే ఉన్నతముగా నెంచుచున్నాను. 2021లో ఆపిల్ ఆర్కేడ్ ద్వారా ఫోనులకు వచ్చిన టెట్రిస్ బీట్ ఇంకొక కొసకు పోయినది: ముక్కను తాళపుదెబ్బమీదనే జార్చినవానికి అదనపు అంకములు. ఇది శాసనము కాదు, పరీక్ష. పేర్పునుగూర్చి ఆలోచించు బుద్ధిని, దెబ్బను పట్టుకొను చేయి నిమిషనిమిషమునకు భంగపఱచుచుండును.

ఇక స్మార్ట్‌ఫోను సంగతి. ల్యూమినెస్ 2009లోనే టచ్ ఫ్యూజన్ అను పేరుతో ఐఫోనుమీదికి వచ్చెను. తరువాత హక్కులు మోబ్‌కాస్ట్ అను జపాను సంస్థకు చేరగా, మిజుగుచి పర్యవేక్షణమున 2016లో ‘ల్యూమినెస్ పజిల్ అండ్ మ్యూజిక్’ అను పేరుతో ఐఫోను, ఆండ్రాయిడు ఫోనులు రెండింటికిని విడుదలయ్యెను. పాటలు వినుటకు జనులు నిత్యము వాడు పరికరముమీదికే పాటలాట వచ్చుట కంటె ఉచితమైన దేమున్నది అని తోచును. అనుభవమున మాత్రము మూడు విఘ్నములు కనబడుచున్నవి.

మొదటిది చేతిది. బొత్తాముల యంత్రముపై వ్రేలు చూడకయే పనిచేయును. ఎన్ని గడులు జరిపితిమో వ్రేలి కొసకే తెలియును. అద్దముపై ఆ తెలివి లేదు. వ్రేలు జార్చినప్పుడు దిమ్మ మూడు గడులు జరిగినదో నాలుగు జరిగినదో కంటితో చూచి నిర్ధారణ చేసికొనవలెను. పైగా ఆ వ్రేలే క్షేత్రమున కొంతభాగమును కప్పుచుండును. కన్ను పేర్పునుండి మరలినంతనే, మున్ను చెప్పిన కంటి చెవుల కార్యవిభజన చెదరిపోవును. నిదానమైన పాటలలో ఈ దోషము సహింపదగినదే. త్వరితకాలమున అది ఆటనే మార్చివేయును.

రెండవది చెవిది, దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఆండ్రాయిడు ఫోనులలో వ్రేలు తాకుటకును ధ్వని వెలువడుటకును నడుమ గల జాగు చాలకాలము లోపముగానే యుండెను. 2017లో ఎనిమిదవ ఆండ్రాయిడుతో ఏఆడియో అను క్రొత్త ఏర్పాటును గూగుల్ కల్పించిన పిమ్మటనే రచయితలకు కొంత ఉపశమనము దొరకినది. ఇంతలో వేఱొక ఉపద్రవము వచ్చెను. 2016 సెప్టెంబరులో, ‘పజిల్ అండ్ మ్యూజిక్’ ఫోనులకు వచ్చిన యేడాదిలోనే, ఆపిల్ సంస్థ తన ఏడవ ఐఫోనునుండి ఇయర్‌ఫోను రంధ్రమును తీసివేసెను. తక్కిన సంస్థలలో పెక్కు క్రమముగా అదే దారి పట్టెను. మిజుగుచికి ప్రేరణ మిచ్చిన రంధ్రమే అది! తీగ లేని బ్లూటూత్ ఇయర్‌ఫోనులకు ధ్వనిని మూటగట్టి పంపి మరల విప్పుటకు సెకండులో పదవవంతునుండి నాలుగవవంతు వఱకును, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువయు కాలము పట్టును. పాట వినుటకు ఇది లెక్కలోనిది కాదు. పైన వేసిన లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, 120 దెబ్బల పాటలో పావు సెకండనగా ఒక పూర్తి నిలువువరుస. చెవికి వినబడు రేఖ ఒకచోట, కంటికి కనబడు రేఖ మఱియొకచోట నుండును. చెవితో ఆడుట నేర్చినవానికే ఈ దోషము ఎక్కువ బాధ కలిగించుట విచారకరము. తెరపై బొమ్మను కూడ అంతే జాగుతో నడపి రెండింటిని సరిపుచ్చుకొను అమరికను ఆటలోనే యుంచుట రచయితల కనీసధర్మమని నేను భావించుచున్నాను. పెక్కు ఆటలలో అది యింకను కానరాదు.

మూడవది అలవాటునకు సంబంధించినది. ఫోనులోని ఆటను జనులు ఎక్కువగా శబ్దము కట్టివేసి ఆడుదురు. ప్రక్కవారికి ఇబ్బంది యగుననియో, పిలుపు వచ్చుననియో. ఆడు సమయమును కొలదియే. ల్యూమినెస్ తొలిరూపమున పాటనుండి పాటకు సాగు సుదీర్ఘయాత్రయే ప్రధానము. విలంబము వెనుక ద్రుతము, ద్రుతము వెనుక విశ్రాంతి అను క్రమము కచేరీవలె కూర్చబడినది. బస్సు వచ్చువఱకు ఆడువానికి ఆ క్రమము అందదు. మొదటి రెండు మూడు పాటలే వానికి తెలిసిన ల్యూమినెస్. దీనికి ఆటను నిందించుట న్యాయము కాదు. వర్ణమును, రాగమును, కీర్తనను కలిపి వినవలసిన చోట మొదటి చరణముతో లేచిపోయినవానికి కచేరీ యేమి తెలియును?

పాటల వ్యాపారమునకు సంబంధించిన చిక్కొకటి కలదు. 2006లో వచ్చిన రెండవ ల్యూమినెస్‌లోను, అదే యేడాది ఎక్స్‌బాక్స్‌పై వచ్చిన ల్యూమినెస్ లైవ్‌లోను ప్రసిద్ధగాయకుల పాటలు చేరినవి. లైవ్‌లో మూలమును చిన్నదిగా నుంచి తక్కిన పాటలను వేఱువేఱుగా అమ్మిరి. ఆటగాండ్రు దీనిని గట్టిగా ఆక్షేపించిరి. వారి ఆక్షేపణము సమంజసమైనదే. పాటయే నియమమైన చోట పాటను విడిగా అమ్ముట యనగా, చదరంగమున ఏనుగును విడిగా అమ్ముట. పైగా పరుల పాటలపై హక్కు గడువుతో కూడినది. గడువు తీరినచో ఆటనుండి ఆ పాట తొలగవచ్చును, లేదా ఆటయే అంగడినుండి తొలగవచ్చును. ఫోనులమీద ఈ అస్థిరత్వము ఇంకను ఎక్కువ: 2017లో పదునొకండవ ఐఓఎస్ వచ్చినప్పుడు, పాత 32 బిట్ల పద్ధతిలో రచింపబడి సంస్కరింపబడని యాప్‌లన్నియు దానికి మారిన ఫోనులలో తెరచుకొనకుండ పోయినవి. 2004 నాటి బిళ్ళను ఆనాటి యంత్రములో పెట్టినచో నేటికిని ఆడును. అంతకంటె చిన్నవయస్సు గల ఫోనుకృతి చరిత్రకారునికి చూపుటకైనను దొరకదు. గ్రంథాలయములు పుస్తకమును కాపాడినట్లు ఈ కృతులను కాపాడు బాధ్యతను ఎవరో యొకరు వహింపవలెను.

రంగులను, ధ్వనిని ఆధారము చేసికొన్న ఆటలో కంటికిని చెవికిని లోపము గలవారి మాట మఱువరాదు. రెండే రంగులు గల ఆట యగుటచే, ఒకదానిని లేతగాను మఱియొకదానిని ముదురుగాను ఉంచినచో వర్ణాంధులు సులభముగా ఆడగలరు. కొన్ని స్కిన్‌లలో రచయితలు దృశ్యశోభకై ఈ భేదమును తగ్గించుట నాకు నచ్చలేదు. బధిరుల విషయమున మాత్రము ఫోను నిజముగా ఉపకారియే. రెజ్ నాడే తాళమునకు కంపించు చిన్న ఉపకరణ మొకదానిని జపానులో ఆటతో కూడ అమ్మిరి. ఇప్పుడు ప్రతి ఫోనులోను కంపించు యంత్రము కలదు. రేఖ అంచునకు చేరినప్పుడు ఒక కంపము, సగమునకు చేరినప్పుడు మఱియొక కంపము నిచ్చినచో చెవి చేయు పనిని అఱచేయి చేయును. చూపు మరల పేర్పుమీదనే నిలుచును. అద్దముపై బొత్తాములు లేని లోటును సైతము ఇది కొంత తీర్చును.

ఈ జాతికి ఇంకను ఎదుగుటకు చోటు కలదా? 2025 నవంబరులో ల్యూమినెస్ అరైజ్ అను క్రొత్తకృతి పెద్ద యంత్రములకు వచ్చినది గనుక కాలరేఖపై లోకమునకు గల ప్రీతి తగ్గలేదని తెలియుచున్నది. నాకు తోచు మార్గమొకటి యున్నది. ఇంతవఱకు చెప్పిన కృతులలో పాటలు ఇంచుమించుగా అన్నియు నాలుగేసి దెబ్బల చతురశ్రగతిలోనివి. రేఖయు అందుచే సమగతితోనే నడచుచున్నది. మిశ్రచాపును తీసికొందము. మూడును నాలుగును కూడి ఏడు అక్షరములు. చేతితో వేయునప్పుడు మూడు, రెండు, రెండుగా దెబ్బలు. క్షేత్రమున 14 నిలువువరుసలుంచి, రేఖను సమముగా జార్చుటకు మాఱుగా, దెబ్బ పడినప్పుడెల్ల గంతు వేయునట్లు చేసినచో మొదటి గంతులో ఆరు వరుసలు, తరువాత నాలుగు, తరువాత నాలుగు తుడుచుకొనిపోవును. ఎడమభాగమున దిమ్మలు కూర్చుటకు దొరకు వ్యవధియు, కుడిభాగమున దొరకు వ్యవధియు వేఱగును. ఏకవర్ణచతురస్ర మొకటి ఆఱవ వరుసమీదను ఏడవ వరుసమీదను కాళ్ళు మోపి నిలిచినచో, అది ఒక గంతులో సగమును, మఱియొక గంతులో సగమును పోగొట్టుకొని చెడునా, లేక రెండు దెబ్బలకును నిలిచినందుకు రెట్టింపు అంకముల నిచ్చునా యను నిర్ణయము రచయితది; రెండవదానిని ఎన్నుకొన్నచో తాళము తెలిసినవాడు ఆ సరిహద్దుమీదనే తన పేర్పును కట్టుటకు సాహసించును.